పతంగి పయనంలో పదార్థం పాత్ర

తెలుగువారు గాలిపటం అంటారు. ఉర్దూ మాట్లాడేవారు పతంగ్ అంటారు. మన తెలంగాణ పల్లెలలో, పట్టణాలలో ఈ రెండు భాషలవారూ కలిసి పతంగి అని పిలుస్తారు. సంక్రాంతి వచ్చిందంటే కరీంనగరం మేడల మీదనే గాక, జగిత్యాల దారిలో కొండగట్టు దిగువన ఉన్న చేల గట్ల మీద కూడ పిల్లల కేకలు వినబడతాయి. ఒకరు దారం వదలమని చెప్పడానికి ‘డీల్’ అంటారు. రెండు పతంగుల దారాలు పెనవేసుకుంటే ‘పేంచ్’ పడిందంటారు. ఆటకు సంబంధించిన ఈ మాటలకు మతం లేదు, మాధ్యమం లేదు. ఉర్దూ మాధ్యమ విద్యార్థి, తెలుగు మాధ్యమ విద్యార్థి ఈ ఒక్క పాఠాన్ని మాత్రం ఒకే పరిభాషలో చదువుకున్నారనవచ్చు.

అయితే పతంగి ఆటవస్తువు మాత్రమే కాదు. భౌతిక, రసాయన శాస్త్రాలలో మనం విడివిడిగా చదివే అనేక విషయాలు ఆ చిన్న చతురస్రంలో ఒక్కచోట కలుస్తాయి. కొంతకాలం క్రిందట విద్యార్థులతో కలిసి కొండగట్టు దిగువకు వెళ్లినప్పుడు ఒక విద్యార్థి నన్నడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. “సార్, కొలతలు ఒకటే, పుల్లలు ఒకటే, కట్టినవాణ్ణి కూడ నేనే. కాగితం పతంగి చెప్పినట్లు వింటున్నది. ప్లాస్టిక్ సంచి కత్తిరించి చేసిన పతంగి మాత్రం గిరగిర తిరిగి నేలకు వస్తున్నది. ఎందుకు?” అని అతడు అడిగాడు. ఆకారం ఒకటే అయినప్పుడు పదార్థం మారినంత మాత్రాన పయనం మారుతుందా అన్నది ప్రశ్న. మారుతుంది. ఎట్లా మారుతుందో, ఆ మార్పు ఒకచోట ప్రాణాపాయం వరకు ఎట్లా వెళుతున్నదో చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పతంగి మీద పనిచేసే బలాలు

గాలిలో నిలిచిన పతంగి మీద ముఖ్యంగా నాలుగు బలాలు పనిచేస్తాయి. మొదటిది దాని బరువు. రెండవది గాలి దానిని పైకెత్తే ఉత్థాపక బలం. మూడవది గాలి దానిని వెనుకకు నెట్టే ఈడ్పు. నాలుగవది దారంలోని తన్యత. పతంగి ఒకచోట నిలకడగా ఉన్నదంటే ఈ నాలుగూ సమతౌల్యంలో ఉన్నాయని అర్థం. దారం తెగగానే పతంగి కొట్టుకొనిపోయి క్రిందపడటానికి కారణం కూడ ఇదే. నాలుగింటిలో ఒకటి తొలగిపోయింది గనుక గాలికి ఎదురుగా దానిని నిలిపే ఆధారం పోయింది.

గాలి చూపే పీడనం దాని వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం రెండింతలైతే పీడనం నాలుగింతలవుతుంది. గాలి సాంద్రతను ఘనపు మీటరుకు 1.2 కిలోగ్రాములుగా తీసుకుందాం. సెకనుకు 4 మీటర్ల వేగంతో గాలి వీస్తున్నప్పుడు సాంద్రతలో సగాన్ని వేగపు వర్గంతో గుణిస్తే చదరపు మీటరుకు 9.6 న్యూటన్లు వస్తుంది. ఒక్కొక్క భుజం 45 సెంటీమీటర్లున్న పతంగి వైశాల్యం సుమారు 0.2 చదరపు మీటరు. కావున గాలి దాని మీద చూపగల బలం రెండు న్యూటన్లకు కొంచెం తక్కువ. అంటే రెండు వందల గ్రాముల బరువును మోయగలిగినంత. పది పన్నెండు గ్రాముల పతంగికి ఇది చాలా ఎక్కువ. కనుకనే అది చేతిని లాగుతుంది.

కొండగట్టు వంటి చోట మరొక విశేషం ఉన్నది. మైదానం మీదుగా వచ్చే గాలి కొండకు తగిలి పైకి మళ్లుతుంది. గాలి వచ్చే వైపున నిలిచి ఎగురవేసేవారికి ఈ పైకి లేచే గాలి సహాయపడుతుంది. కొండకు అవతలి వైపున గాలి సుడులు తిరుగుతుంది. అక్కడ ఎంత నేర్పరి అయినా పతంగిని నిలపలేడు. చలికాలపు ఉదయాన గాలి సాంద్రత ఎక్కువ, ఎండాకాలపు మధ్యాహ్నం తక్కువ. 15 డిగ్రీల వద్ద ఉన్న గాలితో పోలిస్తే 45 డిగ్రీల వద్ద ఉన్న గాలి సుమారు తొమ్మిది శాతం పలుచన. మన పెద్దలు పతంగుల పండుగను ఎండాకాలంలో పెట్టుకోకపోవడం గాలి దృష్ట్యా కూడ మంచిదే అయింది.

బరువు లెక్క

ఇక పదార్థం సంగతి. పతంగికి వాడే పలుచని కాగితం చదరపు మీటరుకు సుమారు 20 గ్రాములు తూగుతుంది. పైన చెప్పిన పతంగికి 4 గ్రాముల కాగితం చాలు. నిలువుపుల్ల, వంచిన పుల్ల కలిపి 8 గ్రాములనుకుందాం. ఉర్దూలో నిలువుపుల్లను ఠడ్డా అని, వంచినదానిని కమాన్ అని అంటారు. మొత్తం 12 గ్రాములు. దారం బరువును పక్కన పెడితే, ఈ పతంగి గాలిలో నిలవడానికి సెకనుకు సుమారు 1.1 మీటర్ల గాలి చాలునని లెక్క కట్టవచ్చు. అది గంటకు 4 కిలోమీటర్లు, అంటే మనిషి నడకంత వేగం.

ప్లాస్టిక్ పలక బరువు తెలుసుకోవాలంటే దాని సాంద్రతను మందంతో గుణించాలి. పాలిథీన్ సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 0.92 గ్రాములు. 20 మైక్రాన్ల మందం గల పాలిథీన్ పొర చదరపు మీటరుకు 18.4 గ్రాములు తూగుతుంది. అంటే కాగితంతో సమానం, ఇంకా కొంచెం తక్కువే. కావున “ప్లాస్టిక్ బరువెక్కువ, అందుకే ఎగరదు” అనే సాధారణాభిప్రాయం సరికాదు. ఏ ప్లాస్టిక్, ఎంత మందం అని ముందు అడగవలసి ఉన్నది.

మన విద్యార్థి వాడినది అంగడి సంచి. కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లకు తక్కువ మందం గల ప్లాస్టిక్ సంచులు నిషిద్ధాలు. 120 మైక్రాన్ల పాలిథీన్ చదరపు మీటరుకు 110 గ్రాములు తూగుతుంది. మన పతంగికి అది 22 గ్రాములు. పుల్లలతో కలిపి 30 గ్రాములు. కావలసిన కనీసపు గాలి వేగం బరువు యొక్క వర్గమూలానికి అనులోమంగా పెరుగుతుంది. బరువు రెండున్నర రెట్లయితే వేగం సుమారు 1.6 రెట్లు, అంటే గంటకు 6 కిలోమీటర్లకు పైగా కావాలి. సన్నని గాలి వీచే ఉదయాన కాగితం పతంగి లేచి, సంచి పతంగి లేవకపోవడానికి ఇది మొదటి కారణం.

కాని మంచి గాలి వచ్చిన తరువాత కూడ సంచి పతంగి గిరగిర తిరిగింది గదా! అందుకు బరువు కారణం కాదు. రెండవ కారణాన్ని వెదకాలి.

గట్టిదనం, సాగే గుణం

పతంగిలో వంచిన వెదురు పుల్ల ఒక విల్లు. గాలి బలంగా తగిలినప్పుడు దాని రెండు కొనలు వెనుకకు వంగుతాయి. అప్పుడు పతంగి పైనుండి చూస్తే పడవ అడుగుభాగంలా కొంచెం మధ్యకు ముందుకు వచ్చినట్లవుతుంది. ఈ ఆకారం నిలకడనిస్తుంది. ఒక పక్క క్రిందికి వాలితే ఆ పక్కకు గాలి ఎక్కువ తగిలి తిరిగి సరిచేస్తుంది. దారం వదులు చేయగానే గాలి ఒత్తిడి తగ్గి, విల్లు తన పూర్వస్థితికి వచ్చి, పతంగి చదునవుతుంది. చదునైన పతంగికి నిలకడ లేదు. అది తన చుట్టూ తాను తిరుగుతుంది. దాని తల మనకు కావలసిన దిక్కుకు తిరిగిన క్షణాన దారం లాగితే మళ్లీ వంగి, ఆ దిక్కుకే దూసుకుపోతుంది. నేర్పరి చేతిలోని రహస్యమంతా ఇదే. లాగినప్పుడు నిలకడ, వదిలినప్పుడు భ్రమణం.

ఈ క్రమం సరిగా జరగాలంటే రెండు షరతులున్నాయి. విల్లు రెండు వైపులా సమానంగా వంగాలి. దానిని పట్టి ఉంచిన పొర సాగకుండా బిగువుగా ఉండాలి. కాగితం సాగదు. మృదువైన పాలిథీన్ సాగుతుంది. పైగా ఒకసారి సాగినది పూర్తిగా వెనుకకు రాదు. విల్లు లాగే బలానికి ఒకపక్క కొంచెం, మరొకపక్క మరికొంచెం సాగి, కొంతసేపటికి పతంగి రెండు రెక్కలూ అసమానమవుతాయి. గాలి మధ్యలో పొర సంచిలా ఉబ్బుతుంది. ఉబ్బు ఎక్కువైతే ఈడ్పు పెరుగుతుంది. మన విద్యార్థి పతంగి నేలకు రావడానికి ఇది రెండవ కారణం. అతడు ఎన్నిసార్లు సూత్రం సరిచేసినా ఫలితం లేకపోయింది. దోషం సూత్రంలో లేదు, పొరలో ఉన్నది.

ఒక పొర వంగడానికి చూపే ఎదురు రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి ఆ పదార్థపు స్థితిస్థాపక గుణకం. రెండవది మందం యొక్క ఘనం. అంటే మందం రెండింతలైతే గట్టిదనం ఎనిమిదింతలవుతుంది. కాగితం నారల అల్లిక. నారల మధ్య ఖాళీలుంటాయి. అందుచేత అదే బరువు గల పాలిథీన్ కంటె కాగితం మందంగా ఉంటుంది. 20 మైక్రాన్ల పాలిథీన్ బరువే ఉన్న కాగితం సుమారు 30 మైక్రాన్ల మందం ఉంటుందనుకుంటే, మందం వల్లనే గట్టిదనం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. దానికి తోడు కాగితపు స్థితిస్థాపక గుణకం మృదు పాలిథీన్ కంటె సుమారు పది రెట్లు. రెండూ కలిపితే ముప్ఫై రెట్ల పైమాట. బరువు ఒకటే, నిలబడే శక్తిలో ఇంత భేదం!

అతికించడంలో కూడ భేదమున్నది. కాగితం సెల్యులోజుతో ఏర్పడినది. సెల్యులోజు అణువులలో హైడ్రాక్సిల్ సమూహాలున్నాయి. మైదా గంజిలోని పిండిపదార్థంలోనూ అవే ఉన్నాయి. రెండూ హైడ్రోజన్ బంధాలతో ఒకదానినొకటి పట్టుకుంటాయి. పాలిథీన్ కేవలం కర్బనం, హైడ్రోజనుల గొలుసు. దానికి గంజి పట్టదు. అంటుపట్టీ వాడితే బరువు పెరుగుతుంది, అదీ ఒకే పక్కన పెరిగితే తూకం తప్పుతుంది.

ప్లాస్టిక్కులన్నీ ఒకటి కావు

ఇంతమాత్రాన ప్లాస్టిక్‌తో మంచి పతంగి కాదని తీర్మానించరాదు. ప్లాస్టిక్ అన్నది ఒక పదార్థం పేరు కాదు, ఒక కుటుంబం పేరు. 1933లో ఇంగ్లండులో మొదట తయారైన పాలిథీన్ మెత్తనిది. దాని అణు గొలుసులకు కొమ్మలున్నాయి గనుక అవి దగ్గరగా పేరుకోలేవు. 1953లో జర్మన్ శాస్త్రజ్ఞుడు జీగ్లర్ కనుగొన్న పద్ధతితో కొమ్మలు లేని గొలుసులు గల పాలిథీన్ వచ్చింది. గొలుసులు దగ్గరగా చేరడం వల్ల దాని సాంద్రత 0.95 వరకు ఉంటుంది, గట్టిదనం కూడ ఎక్కువ. చేతితో నలిపితే గరగరమని చప్పుడు చేసే పొర ఇదే. పతంగికి ఇది మెత్తని పాలిథీన్ కంటె మేలు.

బహుమతుల మీద చుట్టే మెరిసే పొర సాధారణంగా పాలిప్రొపిలీన్. దానిని తయారీలో రెండు దిశలలో సాగదీస్తారు. అప్పుడు అణు గొలుసులు ఆ దిశలలో వరుస తీరి, ఇక సాగకుండా బిగుస్తాయి. దీనితో చేసిన పతంగులే ఇప్పుడు అంగళ్లలో తళతళలాడుతూ కనబడతాయి. వీటన్నిటికంటె గట్టిది పాలియెస్టర్ పొర. దాని సాంద్రత 1.39 అయినా 12 మైక్రాన్ల పొర చాలు గనుక చదరపు మీటరుకు 17 గ్రాములు మించదు. అమెరికాలో ఫ్రాన్సిస్ రొగాలో 1948లో పుల్లలే లేని వంగే పతంగిని కనిపెట్టాడు. మొదట ఇంటి తెర గుడ్డతో ప్రయత్నించి, తరువాత ఈ పాలియెస్టర్ పొర వాడాడు. ఈనాడు మనుషులను మోసే హాంగ్ గ్లైడర్లకు మూలం ఆ పతంగియే.

పదార్థాన్ని సందర్భానికి తగినట్లు ఎన్నుకోవడం కొత్త విషయం కాదు. 1752లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉరుముల మబ్బులోకి పతంగి పంపే ప్రయోగాన్ని వివరించినప్పుడు, కాగితం బదులు పట్టు రుమాలు వాడమన్నాడు. వర్షానికి, ఉరుము గాలికి చినగకుండా నిలిచేది పట్టేనన్నది అతని తర్కం. ఆ ప్రయోగం ప్రాణాంతకం, ఎవరూ అనుకరించరాదు. కాని పదార్థాన్ని గురించి అతడు చేసిన ఆలోచన మాత్రం ప్రతి విద్యార్థీ గ్రహించదగినది.

ఎగిరే చక్రం చెప్పే సాక్ష్యం

ఆకారం ఒకటే అయినా పదార్థం మారితే పయనం మారుతుందనడానికి పతంగి కంటె స్పష్టమైన సాక్ష్యం ఒకటి ఉన్నది. అది చేతితో విసిరే ప్లాస్టిక్ చక్రం. అమెరికాలో ఫ్రెడరిక్ మారిసన్ 1948లో దీనిని ప్లాస్టిక్‌తో చేయించాడు. 1957లో వామ్-ఓ అనే సంస్థ హక్కులు తీసుకొని ఫ్రిస్బీ పేరుతో దానిని ప్రపంచమంతటా వ్యాపింపజేసింది. ఆ సంస్థలోని ఎడ్వర్డ్ హెడ్రిక్ చక్రం పైభాగాన వలయాకారపు గీతలు చేర్చి, పయనాన్ని నిలకడ చేసి, 1967లో పేటెంటు పొందాడు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ ఉద్యానంలో చక్రాలను గురిచూసి విసిరే డిస్క్ గోల్ఫ్ మైదానం ఏర్పడింది. గొలుసులు వేలాడే బుట్టలోకి అతి తక్కువ విసురులలో చక్రాన్ని చేర్చడమే ఆ ఆట.

తిరిగే చక్రానికి కోణీయ ద్రవ్యవేగం ఉంటుంది. బొంగరం తిరుగుతున్నంతసేపు పడిపోకుండా నిలిచినట్లే, చక్రం కూడ తిరుగుతున్నంతసేపు తన తలాన్ని నిలుపుకుంటుంది. ద్రవ్యరాశి అంచున ఎక్కువగా ఉంటే జడత్వ భ్రామకం పెరిగి, తిరుగుడు ఎక్కువసేపు నిలుస్తుంది. అంగడిలోని భోజనపు ప్లాస్టిక్ పళ్లెం విసిరితే సరిగా ఎగరకపోవడానికి దాని అంచు పలుచనగా ఉండడం ఒక కారణం.

ఈ ఆటలో చక్రం వ్యాసంలో ఒక్కొక్క సెంటీమీటరుకు 8.3 గ్రాములకు మించి బరువు ఉండరాదనే నియమం ఉన్నది. కావున 21 సెంటీమీటర్ల చక్రం సుమారు 174 గ్రాములు దాటదు. బరువు, కొలత నిర్ణయమైపోయిన తరువాత తయారీదారునికి మిగిలిన స్వేచ్ఛలలో ప్లాస్టిక్ ఎంపిక ముఖ్యమైనది. ఒకే అచ్చులో మెత్తని, చవక ప్లాస్టిక్ పోసినా, మన్నికగల పాలియురెథేన్ పోసినా వచ్చే చక్రాలు ఒకే విధంగా ఎగరవు. అచ్చులో చల్లారేటప్పుడు ఒక్కొక్క ప్లాస్టిక్ ఒక్కొక్క పాళ్లలో ముడుచుకుంటుంది. అంచు ఎత్తులో, పైభాగపు ఉబ్బులో వెంట్రుకవాసి భేదం వస్తుంది. ఆ కొద్ది భేదంతో గాలి బలం పనిచేసే చోటు మారి, చక్రం కుడికో ఎడమకో ఎక్కువగా మళ్లుతుంది. చవక చక్రం చెట్లకు, రాళ్లకు తగిలి అంచు అరిగేకొద్దీ దాని నడక మారిపోతుంది. పాలియురెథేన్ చక్రం చాలాకాలం మొదటి నడకనే నిలుపుకుంటుంది. అయినా బుట్ట దగ్గర విసరడానికి చాలామంది ఆటగాళ్లు మెత్తని చక్రాన్నే ఎన్నుకుంటారు. అది చేతికి పట్టు ఇస్తుంది, గొలుసులకు తగిలి వెనుకకు ఎగిరిపడదు. చలిలో ప్లాస్టిక్ గట్టిపడుతుంది, ఎండలో మెత్తబడుతుంది. కారులో మండుటెండన విడిచిన చక్రం వంగిపోవడం కూడ సంభవమే.

ఇందువల్ల తేలే నీతి ఒకటే. ఏ పదార్థమూ తనంతట తాను మంచిది కాదు, చెడ్డది కాదు. ఏ పనికి, ఏ పరిస్థితిలో, ఎవరి చేతిలో అన్నదే ప్రశ్న. ఈ ప్రశ్నను మనం పతంగి దారానికి కూడ వేయవలసి ఉన్నది. అక్కడ సమాధానం ఆటతో ఆగదు.

దారం కథ

పూర్వం మాంజా అంటే నూలు దారం. గంజిలో రంగు, గాజుపొడి కలిపి, ఆ ముద్దను చేత పట్టుకొని రెండు గుంజల మధ్య కట్టిన దారానికి పూస్తారు. ఆ పనివారి వేళ్ల మీద గాయాలు లేని రోజు అరుదు. హైదరాబాదు ధూల్‌పేటలో పతంగులు, మాంజా తయారీ ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. ఈ నూలు దారానికి బదులుగా ఇటీవలి దశాబ్దాలలో నైలాన్ వంటి కృత్రిమ దారం వచ్చింది. దానిని చైనా మాంజా అంటారు. పేరును బట్టి అది చైనా నుండే వస్తుందనుకోరాదు. మన దేశంలోనూ తయారవుతున్నది.

నైలాన్‌ను అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో వాలెస్ కరోథర్స్ 1935లో తయారుచేశాడు. దాని సాంద్రత 1.14, నూలుది సుమారు 1.5. కావున ఒకే లావు గల దారాలలో నైలాన్ తేలిక. దారం బరువు చిన్న విషయం కాదు. మీటరుకు దశాంశం ఒక గ్రాము తూగే దారమైతే 120 మీటర్లు వదిలేసరికి దారం బరువు పతంగి బరువుతో సమానమవుతుంది. నూలు తేమను పీలుస్తుంది, మంచు పడే ఉదయాన బరువెక్కుతుంది. కాని తడిసిన నూలు మరింత బలపడుతుంది, తడిసిన నైలాన్ కొంత బలం కోల్పోతుంది. నైలాన్ తెగేముందు తన పొడవులో ఐదవ వంతు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి సాగుతుంది. నూలు ఏడు శాతం దగ్గర తెగుతుంది. అందువల్ల నైలాన్ దారంతో ఎగురవేసేటప్పుడు మనం లాగిన లాగు పతంగికి వెంటనే అందదు. దారం సాగడంలో కొంత పోతుంది. లాగినప్పుడు నిలకడ, వదిలినప్పుడు భ్రమణం అన్న కళకు ఈ ఆలస్యం విరుద్ధం. కావున నేర్పు దృష్టితో చూసినా నైలాన్ గొప్ప దారం కాదు. దానికున్న ఒకే ఒక్క ఆకర్షణ, అది తెగదు.

ఆ తెగకపోవడమే ప్రమాదం. ఒక ఉదాహరణ తీసుకుందాం. దారి కడ్డంగా వేలాడే దారం ద్విచక్ర వాహనం మీద వచ్చే మనిషి మెడకు చుట్టుకున్నది. దారం లావు మిల్లీమీటరులో పదింట మూడు వంతులు, దానిలోని తన్యత 50 న్యూటన్లు, మెడ వ్యాసార్ధం 6 సెంటీమీటర్లు అనుకుందాం. తన్యతను వ్యాసార్ధంతోను, దారం లావుతోను భాగిస్తే చర్మం మీద పీడనం వస్తుంది. లెక్క చేస్తే అది వాతావరణ పీడనానికి సుమారు 27 రెట్లు. దారం మీద గాజుపొడి ఉంటే ఆ పీడనం రంపంతో కోసినట్లవుతుంది. బలహీనమైన నూలు దారమైతే అంత తన్యత రాకముందే తెగిపోతుంది. దారపు బలహీనతయే అక్కడ మనిషికి రక్ష. ఆటలో మనం దోషమనుకున్నది దారిలో గుణమవుతున్నది.

ఇందుకు నేను కూడ కొంత దోషినే. నైలాన్ దారం కొత్తగా వచ్చిన రోజులలో తెగని దారమని మురిసి, ఇంటి పిల్లలకు నేనే కొనిచ్చాను. పండుగ వెళ్లిన తరువాత ఒక ఉదయం మామిడి చెట్టు కొమ్మకు ఒక గోరింక తలక్రిందులుగా వేలాడుతూ కనబడింది. రెక్కకు దారం పెనవేసుకొని, విడిపించుకోబోయినకొద్దీ లోపలికి కోసుకుపోయింది. నిచ్చెన వేసి దింపేసరికి దాని ఒంట్లో వేడి లేదు. ఆ దారం రంగును బట్టి అది మా ఇంటిదేనని పిల్లలు గుర్తుపట్టారు. ఎవరమూ మాట్లాడలేదు. నూలు దారం వానకు, ఎండకు కొన్ని నెలలలో శిథిలమై మట్టిలో కలుస్తుంది. అందులోని సెల్యులోజును తినే సూక్ష్మజీవులున్నాయి. నైలాన్ సంవత్సరాల తరబడి కొమ్మలలో ఉండిపోతుంది. పండుగ మూడు రోజులు, ఉచ్చు మూడు వందల అరవై ఐదు రోజులు.

ఇంగ్లీషులో పతంగికి కైట్ అని పేరు. అది మొదట గద్ద పేరు. గాలిలో తేలే గద్దను చూసి ఆ పేరును ఆటవస్తువుకు పెట్టారు. పేరిచ్చిన పక్షియే ఆ ఆట వల్ల రెక్కలు కోల్పోతుంటే అంతకంటె కృతఘ్నత ఏముంటుంది?

తెలంగాణ ప్రభుత్వం 2016లో నైలాన్ మాంజాను నిషేధించింది. 2017 జూలై 11న జాతీయ హరిత ట్రిబ్యునల్ నైలాన్, ఇతర కృత్రిమ మాంజా తయారీని, అమ్మకాన్ని, నిల్వను, వాడకాన్ని దేశమంతటా నిషేధించింది. చట్టం ఉన్నది. దానిని నిలబెట్టవలసినది అంగడి ముందు నిలిచి దారం కొనే చేయి. నూలు దారమైనా గాజుపొడి పూసినది పక్షికి అపాయమే గనుక, సాదా నూలు దారమే ఉత్తమం.

విద్యార్థులకు కొన్ని సూచనలు

ఈ విషయాలను చదివి ఊరుకోక స్వయంగా పరీక్షించాలి. ఒకే కొలతతో నాలుగు పతంగులు చేయండి. ఒకదానికి కాగితం, ఒకదానికి మెత్తని పాలిథీన్, ఒకదానికి గరగరలాడే పాలిథీన్, ఒకదానికి పాలిప్రొపిలీన్ వాడండి. ప్రయోగశాల త్రాసులో ఒక్కొక్కటి తూచి, వైశాల్యంతో భాగించి, ఏది ఎంత తక్కువ గాలిలో లేవవలసి ఉన్నదో ముందుగా లెక్క కట్టండి. తరువాత సాదా నూలు దారంతో ఎగురవేసి, లెక్క నిజమైనదో కాదో చూడండి. అరగంట ఎగిరిన తరువాత మళ్లీ కొలిచి, ఏ పొర ఎంత సాగిందో రాసుకోండి. విద్యుత్ తీగలకు దూరంగా, గోడ లేని మేడ మీద కాక, కొండగట్టు దిగువన ఉన్నటువంటి విశాలమైన నేల మీద ఈ పని చేయాలి. ఆట ముగిసిన తరువాత తెగి పడిన దారాన్నంతా చుట్టి ఇంటికి తేవాలి. ఇది కూడ ప్రయోగంలో భాగమే.

నాతో కొండగట్టు వచ్చిన ఆ విద్యార్థి సంచి పతంగిని విప్పి, అవే పుల్లలకు కాగితం అతికించాడు. అతని ఉర్దూ మాధ్యమ మిత్రుడు కమాన్ వంపు సరిచూసి ఇచ్చాడు. సాయంకాలపు గాలికి అది లేచి, కొండ వాలున ఉన్న చెట్ల తలలను దాటి, అరచేయంత కనబడే వరకు వెళ్లింది. చీకటి పడుతుండగా దారం చుట్టి, పతంగిని చినగకుండా దింపుకొని వచ్చారు. పైకి పంపడం చాలామందికి తెలుసు. ఎవరికీ హాని లేకుండా తిరిగి దింపుకోవడంలోనే విద్య ఉన్నది.